పాత ఇంటితో పాటు వచ్చిన చెట్లు: వీటి పేర్లు ఎవరైనా చెప్పగలరా?

కొత్తపెరడు
ఈ మాఘమాసంలో నేరేడ్‌మెట్‌లో 400 గజాల స్థలంలో ఉన్న ఒక పాత ఇల్లు కొన్నాము. అమ్మిన వృద్ధ దంపతులు విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, ఫోనుకు దొరకడం లేదు. వాళ్ళు ఇచ్చిన కాగితాలలో బోరు లోతు దగ్గర నుంచి సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో చెప్పే పటం దాకా అన్నీ ఉన్నాయి గానీ, పెరట్లోని చెట్ల గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేను పుట్టి పెరిగింది అపార్టుమెంట్లలోనే కాబట్టి వేప, మామిడి, కొబ్బరి తప్ప మరొకదానిని గుర్తుపట్టలేను.

గేటు పక్కన గోడకు దగ్గరగా ఒక పెద్ద చెట్టు ఉంది. దాని ఆకుల నిండా మొటిమల వంటి బుడిపెలు ఉన్నాయి, ఆకులు రోజూ గంపెడు రాలుతున్నాయి, ఏదో తెగులు పట్టిందని మా అనుమానం. దానికి ఆరడుగుల దూరంలో సన్నగా, కొమ్మలు కిందికి వాలిన చెట్టు ఒకటి ఉంది, ఆకులు ఎదురెదురుగా జంటలు జంటలుగా ఉన్నాయి. నీళ్ళ తొట్టి దగ్గర పసుపు గంటల వంటి పూలున్న పొద ఉంది, ఆకు తుంచితే పాలు కారుతున్నాయి. ఇంటి వెనుక ముళ్ళ చెట్టు ఒకటి, మూడేసి ఆకులతో ఉంది. ఉత్తరపు గోడ వెంబడి ఐదు వేళ్ళ వంటి ఆకులతో గుబురు పొద ఉంది, దీనిని చూసి మా బావమరిది గంజాయి అని భయపెట్టి వెళ్ళాడు. మూలన ఒక్క ఆకు కూడా లేని మోడు ఒకటి, దాని పక్కన గిట్టలాగా రెండుగా చీలిన ఆకుల చెట్టు ఒకటి. ఇవి కాక, వరండా ముందున్న చెట్టును చూపించి పాత మాలీ "ఇది మౌల్‌సరీ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గూగుల్ లెన్స్‌ను అడిగితే ఒకే చెట్టుకు పొద్దున ఒక పేరు, సాయంత్రం ఒక పేరు చెబుతోంది. వచ్చే ఆదివారం చెట్లు కొట్టేవాళ్ళు వస్తున్నారు. మొటిమల చెట్టును, మోడును, ఆ గంజాయి పొదను తీయించాలని అనుకున్నాము. మాకు నాలుగేళ్ళ పాప ఉంది కాబట్టి ప్రమాదకరమైనవి ఏమైనా ఉంటే ముందుగా చెప్పండి. గేటు ఫోటో, పెరటి ఫోటోలు కింద పెట్టాను.

నీడకోసం
ఆదివారం వచ్చేవాళ్ళను రావద్దని చెప్పండి. పేర్ల సంగతి తరువాత చూద్దాము.

గోడమీదపిల్లి
నేరేడ్‌మెట్‌లో ఇల్లు కొని ఇన్ని చెట్ల మధ్య ఒక్క నేరేడు కూడా లేదంటే రిజిస్ట్రేషన్ మరోసారి సరిచూసుకోవాలి. గంజాయి ఆకు ఎలా ఉంటుందో బావమరిదికి అంత ఖచ్చితంగా ఎలా తెలుసో కూడా ఇంట్లో ఒకసారి విచారించండి.

ఎర్రమట్టి
నేను కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఫోటోలను బట్టి తేలినంత వరకు చెబుతాను.

మీ మొటిమల చెట్టు కానుగ. ఆ బుడిపెలు కంటికి కనిపించనంత చిన్న నల్లి జాతి పురుగు వల్ల ఆకు మీద ఏర్పడే ఉబ్బులు, వాటితో చెట్టు చావదు. నిజం చెప్పాలంటే హైదరాబాదు వీధుల్లో కానుగను నేను ఆకు ఆకారం కన్నా ఆ బుడిపెలను చూసే త్వరగా పోల్చుకుంటాను. ఆకులు రాలడం కూడా జబ్బు కాదు. ఎండలు మొదలయ్యే వేళకు కానుగ పాత ఆకును దులిపేసుకొని, కొద్ది వారాల్లోనే నూనె రాసినట్టు మెరిసే లేత ఆకు వేస్తుంది. చెట్టు కింద వెతికితే బాదం కాయ అంత, బల్లపరుపుగా, గట్టిగా ఉండే కాయలు దొరుకుతాయి. పగలగొడితే సాధారణంగా లోపల ఒక్కటే గింజ ఉంటుంది. ఉంటే కానుగే.

పసుపు గంటల పూలది పచ్చగన్నేరు. పాప ఉన్నదని రాశారు కాబట్టి మిగిలిన అన్నింటి కన్నా ముందు దీని సంగతి చూడండి. పాలు, ఆకు, కాయ అన్నీ విషమే, కాయలోని పప్పు అన్నిటికన్నా ప్రమాదం, అది నేరుగా గుండె మీద పనిచేస్తుంది. మూలలు తేలిన ఆ ఆకుపచ్చ కాయ పిల్లలకు ఆటవస్తువులా కనిపిస్తుంది.

సన్నని చెట్టు గురించి ఇప్పుడే ఏమీ చెప్పను. పూత వస్తే దగ్గర నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి.

ఇరవైఒక్కపత్రి
ఎర్రమట్టి గారు కొంచెం ఎక్కువ భయపెడుతున్నారని నాకు అనిపిస్తోంది. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా శివుడికి పచ్చగన్నేరు పూలతోనే పూజ జరుగుతోంది, ముగ్గురు పిల్లలు ఆ చెట్టు కిందే పెరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. విషమని చెప్పి ప్రతి చెట్టునూ కొట్టేస్తూ పోతే పెరట్లో తులసి ఒక్కటే మిగులుతుంది.

మోత్కుపూలు
పత్రి గారూ, మీ ఇంట్లో ఏమీ కాకపోవడం మీ అదృష్టం. మాది సిద్దిపేట వైపు పల్లె. "గన్నేరు పప్పు" అన్న మాట మా ఊళ్ళో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అంటారు, ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. పూలు కోసి పూజ చేసుకోవడం వేరు, కింద రాలిన కాయలను ఏరుకొని ఆడుకునే నాలుగేళ్ళ పిల్ల వేరు.

ఎర్రమట్టి
నేను కొట్టమన్నది పూజ పూలను కాదు, పాప చేతికి అందే కాయలను. ఉంచుకోవాలంటే ఉంచుకోవచ్చు గానీ, రోజూ కాయలు ఏరివేసే ఓపిక మీకు ఉండాలి. తీయించేటట్లయితే చేతి తొడుగులు వేసుకోమనండి, పాలు కంటికి తగలకుండా చూడండి, నరికిన కొమ్మలను మాత్రం కాల్చవద్దు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

తెలుగులో గన్నేరు అన్న పేరు ఒక్కటే గానీ మొక్కలు ఎన్నో. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగూ ఒకే కుటుంబానివి. ఐదవది నిద్రగన్నేరు, దానికి వీటితో ఏ చుట్టరికమూ లేదు. అది చింత, కానుగలున్న చిక్కుడు కుటుంబంలోని మహావృక్షం, పొద్దు వాలగానే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కాబట్టి ఎవరైనా "గన్నేరే కదా" అన్నప్పుడు ఏ గన్నేరు అని తప్పకుండా అడగాలి.

కొత్తపెరడు
ఆదివారం పని వాయిదా వేశాను. కానుగ కింద ఆకులు ఊడ్చి చూస్తే మీరు చెప్పిన కాయలు దోసెడు దొరికాయి, సుత్తితో కొడితే ఒక్కొక్క దానిలో ఒక్కొక్క గోధుమరంగు గింజ వచ్చింది. పచ్చగన్నేరును తీయించాలని నిర్ణయించుకున్నాము. పత్రి గారు నొచ్చుకోవద్దు.

ఇరవైఒక్కపత్రి
నొచ్చుకోవడం ఏమీ లేదు, పాప ముఖ్యం. అయితే ఆ గంజాయి పొద మీద చెయ్యి వేస్తే మాత్రం నొచ్చుకుంటాను. ఒక ఆకును తిరగేసి చూసి, వెనుక వైపు బూడిద రాసినట్టు తెల్లగా ఉందో లేదో చెప్పండి.

కొత్తపెరడు
అవును, పైన ముదురు ఆకుపచ్చ, వెనుక బూడిదరంగు. నలిపితే ఘాటైన మందు వాసన వస్తోంది. కొన్ని ఆకులకు మూడు వేళ్ళే ఉన్నాయి.

ఇరవైఒక్కపత్రి
అయితే వావిలి. వినాయక చవితి నాడు చదివే 21 పత్రులలో "సింధువార పత్రం" అని వస్తుందే, అది ఇదే. నాకు చెట్లు తెలిసినవి కాలేజీలో చదివి కాదు. మా అమ్మమ్మ చవితి ముందు రోజు మమ్మల్ని వెంటబెట్టుకొని, ఒక్కొక్క పత్రినీ ముట్టించి, వాసన చూపించి కోయించేది. కొన్నేళ్ళు బడికి వెళ్ళినా రానిది ఆ ఒక్క సాయంత్రం వచ్చేది.

మోత్కుపూలు
వావిలాకు వేసి కాచిన నీళ్ళతోనే మా ఊళ్ళో బాలింతలకు స్నానం చేయిస్తారు. జలుబు చేస్తే అదే ఆకుతో ఆవిరి పడతారు. బావమరిది గారికి చెప్పండి, గంజాయి ఆకు అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, వావిలి అంచు చాలావరకు నున్నగా ఉంటుంది. పైగా గంజాయి ఏడాదిలో ఎండిపోయే మొక్క, గోడ ఎత్తున కర్ర కట్టి నిలబడే పొద కాదు.

గోడమీదపిల్లి
బావమరిది తరఫున క్షమాపణలు. ఆయన పరిజ్ఞానం సినిమాల వరకే అని తేలినందుకు కుటుంబం ఊపిరి పీల్చుకోవచ్చు.

కుండీలోకం
మా ఎనిమిదో అంతస్తు బాల్కనీలో మూడు కుండీలు పెట్టుకొని ఈ చర్చ చదువుతున్నాను, అసూయ దాచుకోలేకపోతున్నాను. ఒక్క సందేహం. కానుగ గోడకు అంత దగ్గరగా ఉంటే వేళ్ళు గోడను పగలగొట్టవా? తెగులు లేకపోయినా దానిని తీయించడమే మంచిదేమో.

చెట్టుకింద
గోడకు పగులు వస్తే ఆ చోట గోడను కాస్త తెరిచి, పైన రాతి దూలం వేసి కట్టించుకోవచ్చు, నేను మా ఇంట్లో అలాగే చేశాను. ఇంకొక సంగతి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టును కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది గానీ, ముందు ఏ జాతో తెలిస్తే కదా మినహాయింపు ఉందో లేదో తెలిసేది. చెట్లు కొట్టేవాళ్ళు ఈ మాట మీకు చెప్పరు, ఎందుకంటే వాళ్ళకు కట్టె కావాలి.

మోడు గురించి నా అనుభవం చెబుతాను. 2011లో వనస్థలిపురంలో ఇల్లు కొన్నప్పుడు పెరట్లో నాలుగు ఎండిన మొక్కలు ఉన్నాయని, ఏప్రిల్ నెలలో నేనే గొడ్డలి తీసుకొని మూడింటిని నరికాను. మూడోదాని కోత తడిగా, లేత ఆకుపచ్చగా మెరిసింది. అప్పటికి అనుమానం వచ్చి నాలుగోదానిని వదిలేశాను. జూన్‌లో రెండు వానలు పడేసరికి అది చిగురించింది, దసరా నాటికి సీతాఫలాలు కాసింది. ఆ మిగిలిన ఒక్క చెట్టు కాయలు తింటున్నప్పుడల్లా మా ఆవిడ మిగతా మూడింటినీ గుర్తు చేస్తుంది. మీరు గొడ్డలి ఎత్తకుండా, బొటనవేలి గోటితో బెరడును కొద్దిగా గీకండి. కింద పచ్చగా ఉంటే చెట్టు బతికి ఉన్నట్టే.

కొత్తపెరడు
గీకాను. పచ్చగా ఉంది, పైగా గీకిన చోట తెల్లటి పాల చుక్క ఊరింది. కొమ్మలు సీతాఫలంలాగా సన్నగా లేవు, బొటనవేలి కన్నా లావుగా, చివర మొద్దుబారి ఉన్నాయి, వాటి మీద గుండ్రటి మచ్చలు వరుసగా ఉన్నాయి.

ఎర్రమట్టి
ఆ మచ్చలు రాలిన ఆకుల గుర్తులు. మీ మోడు దేవగన్నేరు. చలికాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో పూలతో లేస్తుంది.

గోడమీదపిల్లి
ఐదు గన్నేరులలో రెండు దొరికాయి.

నీడకోసం
మౌల్‌సరీ గురించి ఎవరూ చెప్పలేదు. అది పొగడ. హైదరాబాదు మాలీలలో చాలామంది ఉర్దూ పేర్లే వాడతారు, మా మాలీ పారిజాతాన్ని హార్‌సింగార్ అని, రేలను అమల్తాస్ అని అనేవాడు. అలలు తేలిన అంచుతో మెరిసే ఆకులు, నక్షత్రాల వంటి చిన్న పూలు ఉంటే సరిపోయింది. రాలిన పొగడ పూలు ఎండినా వాసన పోదు.

ఇరవైఒక్కపత్రి
వెనుక ఉన్న ముళ్ళ చెట్టు సంగతి నాకు వదిలేయండి. మూడేసి ఆకులు, ముళ్ళు అన్నారు కాబట్టి అది మారేడు, సందేహం అక్కరలేదు. ఇంట్లో బిల్వం ఉండడం మీ పుణ్యం.

ఎర్రమట్టి
పత్రి గారూ, ఫోటోలో నాకు ఒక కాడకు ఐదు ఆకులు కనిపిస్తున్నాయి. కొత్తపెరడు గారు కొమ్మ దించి పది కాడలు లెక్కపెట్టగలరా? ఆకు నలిపి వాసన కూడా చూడండి.

కొత్తపెరడు
పది కాడలు లెక్కపెట్టాను. ఆరింటికి ఐదు, మూడింటికి ఏడు, చివరన లేతదానికి ఒక్కదానికే మూడు ఉన్నాయి. నేను మొదట చూసింది ఆ లేతదానినే అనుకుంటాను. ఆకుల మధ్య కాడకు అటూ ఇటూ సన్నటి రెక్క వంటి అంచు ఉంది. నలిపితే సోంపు వాసన వచ్చింది, మా పాప కూడా అదే చెప్పింది.

ఎర్రమట్టి
వెలగ. కాయ బూడిదరంగులో, చెక్కలాగా గట్టిగా, గరుకు పెంకుతో వస్తుంది. మారేడు కాయ నున్నగా, పసుపు తిరిగిన ఆకుపచ్చగా ఉంటుంది.

ఇరవైఒక్కపత్రి
ఒప్పుకుంటున్నాను. ఫోటో సరిగా చూడకుండా తొందరపడ్డాను. అయినా వెలక్కాయ చవితి నాడు వినాయకుడికి పెట్టేదే కాబట్టి నా లెక్కలో నష్టం లేదు. కాయను అడుగు ఎత్తు నుంచి నేల మీద వదలండి, ఎగిరితే పచ్చిది, చతికిలబడితే పండినది. పండితే బెల్లం కలిపి పచ్చడి చేయండి.

గోడమీదపిల్లి
పత్రి గారిది పశ్చిమ మారేడుపల్లి అని ఎప్పుడో రాశారు. మారేడుపల్లి వారే మారేడును గుర్తుపట్టకపోతే నేరేడ్‌మెట్ వారిని ఏమనగలము?

కొత్తపెరడు
ఇది ఏప్రిల్ మూడో వారం. ఎర్రమట్టి గారు అడిగిన సన్నని చెట్టుకు పూత వచ్చింది. పూలు కందిగింజ కన్నా కొంచెం పెద్దవి, గుత్తులుగా ఉన్నాయి, విచ్చుకున్నప్పుడు గడ్డిరంగులో ఉండి రెండు రోజుల్లో ముదురు ఎరుపుకు తిరుగుతున్నాయి. ఒక్కొక్క పువ్వుకు నాలుగు రేకులు. నలిపినా పూతకు గానీ ఆకుకు గానీ ఏ వాసనా లేదు. పోయిన ఏడాది కాయలు కాబోలు, శనగగింజంత నల్లగా ఎండినవి కింద ఉన్నాయి.

ఎర్రమట్టి
నేను జవాబు రాసే ముందు నిర్వాహకులు దయచేసి మొదటి పోస్టులోని గేటు ఫోటోను తొలగించాలి. ఫోటోలో వీధి పలక చదవడానికి వీలుగా ఉంది.

నిర్వాహకుడు
తొలగించాను. ప్రాంతం పెద్దది కాబట్టి దాని పేరు ఉంచాను. ఇకపై ఈ చర్చలో ఇంటి ఆనవాళ్ళు ఎవరూ అడగవద్దు, రాయవద్దు.

ఎర్రమట్టి
అది శ్రీగంధం. ఎవరూ నాటి ఉండకపోవచ్చు. కోకిలలు, పిగిలి పిట్టలు కాయలు తిని గింజలను ఎక్కడ పడితే అక్కడ వేస్తాయి. ఆకుకు, పూతకు వాసన లేదని నిరాశపడవద్దు, సువాసన ఉండేది మాను లోపలి చేవలో, అది కట్టడానికి ఏళ్ళు పడుతుంది. పైనున్న తెల్ల కట్టెకు కూడా వాసన ఉండదు. ఈ నగరంలో గంధపు చెట్లను రాత్రికి రాత్రి కోసుకుపోయిన సంఘటనలు చాలా జరిగాయి కాబట్టి ఈ సంగతి ఇంట్లోవాళ్ళ మధ్యే ఉండనివ్వండి. దానిని నరకాలన్నా, కట్టెను తరలించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీగంధం సగం మాత్రమే సొంత కాళ్ళ మీద నిలబడే చెట్టు. ఆకులు తమ ఆహారం తామే తయారు చేసుకుంటాయి గానీ, దాని వేళ్ళు పక్క చెట్టు వేళ్ళకు చిన్న చిన్న పట్టులు వేసి నీళ్ళను, ఖనిజాలను పీల్చుకుంటాయి. అందుకే గంధపు తోటల్లో మొదట పక్కన కంది వేస్తారు, తరువాత సరుగుడో కానుగో ఆసరాగా పెంచుతారు. మీ గంధం ఆరడుగుల దూరంలో దేని మీద ఆధారపడి ఇంత పెరిగిందో ఒకసారి చూసుకోండి.

కొత్తపెరడు
అడుగు అడుగు కొలిచి మరీ చూశాను. చుట్టుపక్కల పెద్ద చెట్టు ఆ కానుగ ఒక్కటే. అప్పుడు వాయిదా వేసిన ఆదివారానికి బయానా కూడా ఇచ్చి ఉన్నాము. ఇంతకన్నా ఏమి రాయాలో తెలియడం లేదు.

కుండీలోకం
కానుగను తీయించమన్నది నేనే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే గంధం అలా పీల్చుకుంటే కానుగ చచ్చిపోదా?

ఎర్రమట్టి
కుండీలో ఎదిగే లేత మొక్కనైతే నీరసింపజేస్తుంది. అంత పెద్ద కానుగకు అది లెక్కలోది కాదు.

చెట్టుకింద
చివరిది మిగిలిపోయింది, గిట్ట ఆకుల చెట్టు. నేను దేవకాంచనం అంటాను. మా వీధిలో గులాబీ రంగు పూలతో ఉన్నది అలాంటి ఆకే.

మోత్కుపూలు
కాంచనం ఆకు అరచేతి అంత ఉంటుంది. ఫోటోలో పక్కనున్న చెంబు మూతతో పోలిస్తే ఈ ఆకు రెండు అంగుళాలు కూడా లేదు, పొడవు కన్నా వెడల్పు ఎక్కువ. ఇది మా అడవుల్లో ఉండే ఆరె. దీని పట్టతో మా తాత తాళ్ళు పేనేవాడు. ఆరెకు గులాబీ పూలు రావు, లేత పసుపు తిరిగిన చిన్న పూలు వస్తాయి.

చెట్టుకింద
ఆకు పరిమాణం నీళ్ళను బట్టి మారుతుంది. పూత దాకా ఆగితే ఎవరిది నిజమో తేలుతుంది.

కొత్తపెరడు
చాలా నెలల తరువాత రాస్తున్నాను. మేలో పూత వచ్చిందో లేదో ఇల్లు సున్నం వేయించే హడావిడిలో గమనించలేకపోయాను, కానీ మొన్న దసరా నాడు పందెం తేలిపోయింది. పొద్దున్నే పక్కవీధి నుంచి ఒక మరాఠీ ఆజీ గేటు తట్టి, "ఈ ఇంట్లో ఆప్టా చెట్టు ఉంది కదా, పాత వాళ్ళు ప్రతి ఏడూ రెండు రెమ్మలు ఇచ్చేవారు" అని అడిగారు. తిన్నగా ఆ గిట్ట ఆకుల చెట్టు దగ్గరికి నడిచి, రెమ్మలు కోసి, ఒక ఆకును మా పాప చేతిలో పెట్టి "సోనే" అన్నారు. లోపలికి వచ్చి వెతికితే ఆప్టా అంటే ఆరె అని ఉంది. కొమ్మల మధ్య నల్లగా మెలితిరిగిన కాయలు కూడా ఇప్పుడు కనిపించాయి.

మోత్కుపూలు
మనం జమ్మి ఆకును బంగారమని పంచుకుంటాము, వాళ్ళు ఆరె ఆకును పంచుకుంటారు. చెట్టుకింద గారు వనస్థలిపురం సీతాఫలాలు ఒక బుట్ట పంపాలి.

చెట్టుకింద
ఓడిపోయాను. ఒక్క చెట్టు కాయలే కాబట్టి బుట్ట కాదు, అర డజను పంపగలను.

ఇరవైఒక్కపత్రి
కొత్తపెరడు గారూ, మా అమ్మాయికి పురుడు డిసెంబరులో. మారేడుపల్లి చుట్టుపక్కల ఎంత వెతికినా వావిలి దొరకడం లేదు. కాస్త ఆకు కోసుకోవడానికి ఒకరోజు రావచ్చా?

కొత్తపెరడు
తప్పకుండా రండి, పత్రి గారూ. చిరునామా విడిగా పంపుతాను. వావిలి ఎంత కావాలంటే అంత కోసుకోండి, వెలక్కాయలు కూడా నాలుగు రాలాయి, ఒకటి చతికిలబడింది. గేటు పక్కనున్న సన్నని చెట్టు గురించి మాత్రం మీతో వచ్చే ఆటో అబ్బాయి ముందు మాట్లాడవద్దు.

గోడమీదపిల్లి
ఏ సన్నని చెట్టు?